ముట్టుకునే యంత్రాలు, ముట్టరాని చేతులు

తెలుగులో తాకడానికి ఉన్న మాటలన్నీ ఒకచోట పోగేసి చూస్తే మన సమాజం మొత్తం అందులో కనిపిస్తుంది. ‘ముట్టు’ అంటే తాకడం. నెలసరి కూడా ముట్టే. ‘అంటు’ అంటే తగలడం, అతుక్కోవడం. ఆ మాటతోనే అంటరానితనం ఉంది, అంటువ్యాధి ఉంది, ఆడవాళ్ళు రోజుకి మూడుసార్లు తోమే అంట్లూ ఉన్నాయి. రెండూ కలిపి ‘అంటూ ముట్టూ’ అంటే చాలు, ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో చెప్పే చట్టం తయారవుతుంది. ‘చెయ్యి వేశాడు’ అన్న మాట ఏ ఇంట్లో వినిపించినా ఆ ఇంటి ఆడవాళ్ళ గుండె జల్లుమంటుంది. నిమరడం, తడమడం, హత్తుకోవడం లాంటి మెత్తని మాటలు లేకపోలేదు. కానీ అవి ఎక్కువగా పసిపిల్లల చుట్టూ, మంచం పట్టినవాళ్ళ చుట్టూ తిరుగుతాయి. అంటే స్త్రీలు జీతం లేకుండా చేసే చాకిరీ చుట్టూ.

ఇన్ని మాటలుండగా హాప్టిక్స్ అనే విద్య గురించి తెలుగులో చెప్పాల్సి వస్తే మనం ‘స్పర్శ సాంకేతికత’ అంటాం. గ్రీకులో తాకడం అనే క్రియ నుంచి వచ్చిన పేరది. పరికరాలు మన చర్మానికి తగిలే అదురు, ఒత్తిడి, కదలికల ద్వారా మనతో మాట్లాడేలా చేసే విద్య. దానికి ‘స్పర్శ’ అనే పేరు చాలా శుభ్రంగా ఉంది. ఆ మాటకి కులం లేదు, నెలసరి లేదు, అంట్లగిన్నెల జిడ్డు లేదు. ఆ శుభ్రమైన మాటని తీసుకొచ్చి మన మైల మాటల పక్కన కూర్చోబెట్టి చదవాలని ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

సాహిత్యం చదువుకున్నదానికి మోటార్లతో, తీగలతో పనేమిటని అడగవచ్చు. దేహం గురించి, స్పర్శలోని ఆధిపత్యం గురించి తెలుగులో గట్టిగా మాట్లాడింది స్త్రీవాదులూ దళిత స్త్రీలూ. ఇప్పుడు ఆ దేహం మీదే కొత్త లిపి ఒకటి రాస్తున్నారు. దాన్ని ఇంజనీర్లకి వదిలేసి మనం కథలూ కవితలూ మాత్రమే చదువుకుంటామంటే విమర్శ సగంలో ఆగిపోయినట్టే.

ముందు ఆ లిపి ఎలా రాస్తారో చూద్దాం. మామూలు సెల్‌ఫోన్ లోపల వేలిగోరంత మోటారు ఉంటుంది. దాని ఇరుసుకి ఒక పక్కన మాత్రమే బరువు కడతారు. తిరిగినప్పుడు తూకం తప్పి ఫోనంతా అదురుతుంది. ఇంకొన్ని ఫోన్లలో స్ప్రింగు మీద చిన్న బరువు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 1997లో ఇంట్లో ఆడుకునే వీడియోగేముల మీటల్లోకి ఈ అదురు వచ్చింది. 2016లో వచ్చిన ఐఫోన్ 7లో హోమ్ బటన్ అసలు కదలదు. నొక్కితే లోపల ఒక అదురు పుడుతుంది, మన వేలు మాత్రం బటన్ లోపలికి దిగిందని నమ్ముతుంది. మన చర్మం లోతుల్లో పసీనియన్ కణికలు అనేవి ఉంటాయి. సెకనుకి 200 నుంచి 300 సార్లు అదిరే కంపనాన్ని అవి బాగా పట్టుకుంటాయి. చర్మానికి అర్థమయ్యే పలుకుబడి ఏదో తెలుసుకుని, ఆ పలుకుబడిలోనే లేనిదాన్ని ఉన్నట్టు నమ్మిస్తారన్నమాట. ఇది కల్పనా సాహిత్యం చేసే పనే. కల్పన అన్నాక అడగాల్సిన పాత ప్రశ్నలు మనకి ఉన్నాయి. ఎవరు చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు? చెప్పించుకునే మనిషిని ఎలా ఊహించుకున్నారు?

ఈ ప్రశ్నలకి ఈ విద్య చరిత్రలోనే ఒక మంచి జవాబు దొరుకుతుంది. 1969లో పాల్ బాకీరీటా అనే అమెరికన్ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఒక కుర్చీ తయారు చేశాడు. దాని వీపు భాగంలో వరసకి ఇరవై చొప్పున ఇరవై వరసల్లో 400 అదిరే మొనలు ఉంటాయి. కెమెరాలో పడిన బొమ్మ ఆ మొనల ద్వారా కుర్చీలో కూర్చున్న అంధుల వీపు మీద గీసినట్టు తగులుతుంది. కొన్నాళ్ళ సాధనతో వాళ్ళు ఎదుట ఉన్న వస్తువుల్ని, మనుషుల ముఖాల్ని గుర్తుపట్టగలిగారు. అయితే అందులో ఒక మెలిక ఉంది. కెమెరాని తామే తిప్పుకున్నప్పుడు వాళ్ళకి ఎదుటి ప్రపంచం తెలిసింది. కెమెరా వాళ్ళ చేతిలో లేనప్పుడు వీపు మీద ఏదో గిలిగింత పెడుతున్నట్టు మాత్రమే తెలిసింది.

నా దృష్టిలో ఇది స్త్రీవాదులు గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన ఫలితం. కదిపే చెయ్యి తనదైతే స్పర్శ జ్ఞానమవుతుంది. ఇంకొకరిదైతే అది చర్మానికి చిరాకుగానే మిగిలిపోతుంది. బస్సుల్లో, జాతరల్లో పిన్నీసు పట్టుకుని తిరిగిన ఆడపిల్లలకి ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కరలేదు. ఇకనుంచి ఏ పరికరాన్ని చూసినా నేను ఈ కొలతతోనే చదువుతాను.

మన దగ్గరే పుట్టిన పరికరంతో మొదలుపెడదాం. సికింద్రాబాద్‌లో డ్యుసెరె టెక్నాలజీస్ అనే సంస్థ 2014లో ‘లేచల్’ అనే బూట్లనీ, బూట్లలో పెట్టుకునే అట్టల్నీ ప్రపంచానికి పరిచయం చేసింది. అనిరుధ్ శర్మ, క్రిస్పియన్ లారెన్స్ అనే ఇద్దరు యువకులు దాని వెనక ఉన్నారు. హిందీలో ఆ పేరుకి ‘తీసుకెళ్ళు’ అని అర్థం. ఫోన్‌లోని మ్యాపు బ్లూటూత్ ద్వారా బూటుకి దారి చెబుతుంది. ఎడమకి తిరగాలంటే ఎడమ పాదం కింద అదురుతుంది, కుడికైతే కుడి పాదం కింద. అంధుల కోసం మొదలైన ఆలోచన అది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళతో కలిసి పరీక్షలు కూడా చేశారు. తర్వాత అది పర్యాటకులకీ, పొద్దున్నే పరుగెత్తేవాళ్ళకీ అడుగులూ కేలరీలూ లెక్కపెట్టే సరుకుగా కూడా బజారుకి వచ్చింది.

ఎడమ అదిరితే ఒక అర్థం, కుడి అదిరితే ఇంకో అర్థం అనేది తెలుగువాళ్ళకి కొత్తా? ఎడమకన్ను అదిరితే ఆడవాళ్ళకి శుభమనీ, మగవాళ్ళకి కుడికన్ను అదరాలనీ చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దేహంలో పుట్టిన అదురుని కబురుగా చదువుకునే అలవాటు మనకి తరతరాలుగా ఉంది. ఆ శకునాల్లో కూడా ఆడా మగా తేడా ఉంది చూడండి. లేచల్‌కి ఆ తేడా లేదు, అందుకు సంతోషించాలి. కానీ ఆ బూటు ఊహించుకున్న మనిషికి దారి తెలియకపోవడమే ఇబ్బంది. మనలో చాలామందికి దారి తెలుసు. రాత్రి ఎనిమిది దాటాక ఆ దారిలో నడవొచ్చా అన్నది మన ఇబ్బంది. ‘తీసుకెళ్ళు’ అని అడగకుండా పోగలిగే దారి కావాలన్నది మన కోరిక. పాదం కింద ఎంత సున్నితంగా అదిరినా ఆ ప్రశ్నకి జవాబు రాదు. అదే 2014లో ఢిల్లీ ఐఐటీ వాళ్ళ స్మార్ట్‌కేన్ వచ్చింది. తెల్లకర్ర పిడికి తగిలించుకునే ఈ పరికరం మోకాలికి పైనుండే అడ్డంకుల్ని శబ్ద తరంగాలతో పసిగట్టి అరచేతికి అదురుతో చెబుతుంది. సుమారు 3,000 రూపాయలకి అందేలా దాన్ని రూపొందించారు. కర్రని తిప్పేది నడిచే మనిషే. కుర్చీ ప్రయోగం చెప్పిన నీతి ఇందులో నిలబడింది.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. మాది కురవి. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. వీరభద్రస్వామి గుడి, శివరాత్రి జాతర, చుట్టూ లంబాడా తండాలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి. సంక్రాంతి వెళ్ళాక ఎండలు ముదిరేదాకా మిర్చి ఏరుడు నడుస్తుంది. ఏరేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. యంత్ర స్పర్శ గురించి చదువుతున్న రోజుల్లో, మా ఇంటి పక్కన ఉండే పెద్దమ్మని చేతుల గురించి అడిగాను.

“మండుతయి బిడ్డా, మండకుంటెట్ల? కొబ్బరినూనె రాస్తం, గుడ్డపేగులు సుట్టుకుంటం. అదొక్కటే కాదు. మిర్చి ఏరిన చేత్తోని ఇంటికొచ్చి పిల్లను ముట్టరాదు. కండ్లకు తాకిందంటె గుక్కపట్టి ఏడుస్తది. మూడు నెల్లు మనుమరాలిని దూరంకెల్లే సూసుకునుడు.”

ముట్టరాదు అన్న మాటని ఆమె ఎంత మామూలుగా అన్నదో. కులం వల్ల ముట్టరానివాళ్ళని చేసింది సమాజం, నెలసరి వల్ల ముట్టరానివాళ్ళని చేసింది ఇల్లు. ఇక్కడ కూలిపని చేతినే ముట్టరానిదిగా చేసింది. ఈ మూడో ముట్టరానితనానికి మన సాహిత్యంలో పేరేమిటో నాకు దొరకలేదు.

ఆమె చేతిని మండించే పదార్థం పేరు కాప్సైసిన్. దీనికీ స్పర్శ శాస్త్రానికీ ఉన్న చుట్టరికం తెలిశాక కొన్నాళ్ళు నాకు అదే ధ్యాస. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త, మిర్చిలోని ఈ కాప్సైసిన్ నరాలని ఎలా మండిస్తుందో వెతుకుతూ 1997లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టాడు. మంటకీ మిర్చికీ చర్మంలో ఉన్న తలుపు ఒక్కటే. ఆర్డెమ్ పటపౌటియన్ అనే ఇంకొక శాస్త్రవేత్త బృందం 2010లో ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాల్ని కనిపెట్టింది. ఈ ఇద్దరికీ కలిపి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మనుషులు స్పర్శని ఎలా తెలుసుకుంటారన్న జ్ఞానానికి ఒక తాళంచెవి మిరపకాయలో దొరికింది. ఆ మిరపకాయని రోజుకి ఎనిమిది గంటలు వేళ్ళతో తుంచేవాళ్ళు మాత్రం ఆ జ్ఞానంలో ఎక్కడా లేరు. వాళ్ళ చేతులు తెలుసుకున్నది జ్ఞానం కిందికి రాదు, కూలి కిందికి వస్తుంది.

కంపనానికి కూడా ఇలాంటి చరిత్ర ఉంది. మహబూబాబాద్, ఖమ్మం వైపు గ్రానైట్ క్వారీలున్నాయి. రాయిని తొలిచే డ్రిల్లు గంటల తరబడి చేతుల్లో అదిరితే వేళ్ళకి రక్తం సరిగ్గా అందదు. వేళ్ళు తెల్లబడి, తిమ్మిరెక్కి, చివరికి స్పర్శ పోగొట్టుకుంటాయి. ఈ జబ్బుని 1918లో అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రాతిగనుల్లో కార్మికుల దగ్గరికి వెళ్ళి పరిశీలించి రాసింది ఆలిస్ హామిల్టన్ అనే స్త్రీ డాక్టరు. మరుసటి ఏడాదే హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి మహిళా అధ్యాపకురాలు ఆమె. చర్మానికి అదురు కానుకగా రావడానికి చాలాముందే అదురు చర్మాన్ని తినేసిందని ఆమె చేసిన పని చెబుతుంది. యంత్ర స్పర్శ చరిత్ర రాసేవాళ్ళు వీడియోగేములతోనో సెల్‌ఫోన్లతోనో మొదలుపెడితే, ఆ చరిత్రలో కార్మికులకి చోటుండదు.

అరిగిపోయిన వేళ్ళని యంత్రాలు ఎలా చదువుతాయో ఊళ్ళో అందరికీ తెలుసు. వేలు తగిలినప్పుడు తన మీది విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పుని గుర్తుపడితేనే ఫోన్ తెర పనిచేస్తుంది. కాయలు కాసి, ఎండి, పగిలిన వేలు దానికి ఒక్కోసారి వేలులాగే అనిపించదు. తెర గుర్తుపట్టాకే కదా బదులుగా అది అదిరేది! గుర్తుపట్టకపోతే మాటా లేదు, మారుమాటా లేదు. రేషన్ తీసుకునేచోట వేలిముద్ర యంత్రం వచ్చాక ఇది బియ్యం దాకా వచ్చింది. మా పెద్దమ్మ ఆ రోజుల్లో ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, తడిపి ఒకసారి, తుడిచి ఒకసారి పెట్టి చూసి, ఖాళీ సంచితో తిరిగొచ్చిన నెల ఉంది. తర్వాత కంటిపాపతో, ఫోన్‌కి వచ్చే నంబరుతో ఇచ్చే పద్ధతులు వచ్చాయి, కొంత నయమైంది. కానీ యంత్రం మొదట ఊహించుకున్న చర్మం ఎలాంటిదో ఆ ఖాళీ సంచి చెప్పింది. అది కష్టం తగలని చర్మం. మునివేళ్ళ గీతలు చెరగని చర్మం. విశ్వజనీన పాఠకుడు అనే పేరుతో సాహిత్యంలో మనం ఎవరిని పట్టుకుని నిలదీశామో, ఆ పెద్దమనిషే ఇక్కడ విశ్వజనీన చర్మం వేసుకుని కూర్చున్నాడు.

ఇలా చెప్పుకుంటూ పోతే ఆడవాళ్ళు ఈ పరికరాల చేతిలో మోసపోయినవాళ్ళు మాత్రమే అనిపించవచ్చు. అది నిజం కాదు. మా పిన్ని కోడలు, నాకు మరదలు అవుతుంది. ఆమె ఫోన్ ఎప్పుడూ మోగగా నేను వినలేదు. బొడ్డుసంచిలో పెట్టుకుని తిరుగుతుంది. ఒకసారి అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళి ఏందే అని అడిగితే నవ్వింది.

“మా అమ్మ వదినె. వైబ్రేషన్ల పెట్టుకుంట. మోగిందంటె ఇంట్ల అందరికీ ఎవరు, ఎందుకు, ఏం మాట్లాడినవని జవాబు చెప్పాలె. మూడుసార్లు అదిరి బందయితె అమ్మ బాగనే ఉన్నట్టు. ఆగకుంట అదిరితె మాట్లాడాలె.”

తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిసి చేసుకున్న లిపి ఇది. ఏ సంస్థా వీళ్ళకి దీన్ని అమ్మలేదు. సభల్లో, క్లాసుల్లో మర్యాద కోసం పెట్టుకునే మౌనపు మీటని ఈ అమ్మాయి నిఘాని దాటడానికి వాడుకుంది. కుర్చీ ప్రయోగంలో కెమెరా తిప్పుకున్నవాళ్ళలాగా, అదురుకి అర్థం ఏమిటో తానే నిర్ణయించుకుంది. అయితే దీన్ని విజయగాథగా రాసి సంబరపడలేను. ఆమే ఇంకో మాట అన్నది: “ఒక్కొక్కసారి ఫోను కాడ లేకున్నా నడుముకు అదిరినట్టే అయితది వదినె. ఉలిక్కిపడి లేస్త.” లేని అదురు ఉన్నట్టు అనిపించడం ఫోన్లు వాడే చాలామందికి అనుభవమే, పరిశోధకులు దానికి పేరు కూడా పెట్టారు. మామూలుగా దాన్ని అలవాటనో వ్యసనమనో వివరిస్తారు. మా మరదలి విషయంలో అది కాపలా. సొంత తల్లితో మాట్లాడటానికి కూడా ఒళ్ళంతా చెవులు చేసుకుని బతకాల్సిన ఇంట్లో చర్మానికి నిద్ర ఎక్కడిది?

స్పర్శలో దూరం గురించి కూడా మాట్లాడుకోవాలి. 2021 చివర మెటా సంస్థ వాళ్ళ హొరైజన్ వరల్డ్స్ అనే బొమ్మల లోకంలో, ఒక అపరిచితుడు తన బొమ్మని అసభ్యంగా తడిమాడని ఒక స్త్రీ ఫిర్యాదు చేసింది. దేహం లేనిచోట ఇదేం గొడవ అని తేలిగ్గా తీసేసినవాళ్ళున్నారు. ఆ లోకంలోకి వెళ్ళేవాళ్ళ చేతుల్లో అదిరే మీటలుంటాయి, ఒంటికి తొడుక్కుంటే అదిరే కోట్లూ తయారయ్యాయి. స్పర్శని నిజం చేయడానికి ఇంత కష్టపడి, తీరా అది దాడిగా మారినప్పుడు నిజం కాదు పొమ్మనడం ఏం తర్కం? 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య దాదాపు నాలుగు అడుగుల దూరం ఉండేలా కట్టడి పెట్టింది. ఆ తర్వాత ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకునే వీలూ ఇచ్చింది.

నాలుగు అడుగుల దూరం అన్న వార్త చదివినప్పుడు నాకు మన ఊళ్ళు గుర్తొచ్చాయి. నెలసరి వచ్చిన ఆడమనిషిని ‘దూరమున్నది’ అంటారు. ఊరికి దూరంగా వాడలు కట్టించారు. దూరం మన దగ్గర శిక్ష. అదే దూరం ఒక స్త్రీ తన చుట్టూ తాను గీసుకుంటే రక్షణ. అడుగుల లెక్క ఒకటే కావచ్చు. గీత గీసే చెయ్యి ఎవరిది, చెరిపే హక్కు ఎవరిది అన్నదాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. స్పర్శని సమాచారంగా మాత్రమే చూసే శాస్త్రానికి ఈ తేడా కనబడదు. అంటూ ముట్టూ మధ్య పెరిగిన భాషకి కనబడుతుంది. అందుకే మన మైల మాటల్ని నేను దాచిపెట్టదలచుకోలేదు. అవి మన అవమానాల జాబితా మాత్రమే అయితే వదిలేసుకోవచ్చు. ప్రతి స్పర్శ వెనకా అధికారం ఉందని మరిచిపోనివ్వని జ్ఞాపకం కూడా అవే.

1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు తెలుగు కవిత్వంలోకి స్త్రీ దేహం తన గొంతుతో తాను వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’గా తెచ్చినప్పుడు, దేహమంటే అందరికీ ఒకటే దేహం కాదని మరోసారి రుజువైంది. ఆ రెండు పుస్తకాల తర్వాత స్పర్శ గురించి అమాయకంగా రాయడం ఎవరికీ సాధ్యం కాకూడదు. అయినా ఇప్పుడొస్తున్న కథల్లో నేను చదివినంతలో ఫోన్ మోగుతుంది, మెసేజ్ వస్తుంది, కథ మలుపు తిరుగుతుంది, అంతే. ఫోన్ అక్కడ తపాలా బంట్రోతు. నడుము దగ్గర అదిరినప్పుడు ఆ మనిషి ఒంట్లో ఏం జరిగిందో, తెర ఒప్పుకోని వేలితో ఒక ముసలమ్మ ఎన్నిసార్లు గీకిందో, మూడు అదురులకి తల్లీకూతుళ్ళు ఏం పేరు పెట్టుకున్నారో రాసినవాళ్ళు నాకు తగల్లేదు. చర్మం మీద జరిగే కథని మనం ఇంకా చెవులతోనే రాస్తున్నాం.

హాప్టిక్స్‌కి తెలుగు మాట ఏది అని ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, ‘స్పర్శ’ వద్దంటాను. ‘అదురు’ బాగుంటుంది. అందులో కన్నదురూ ఉంది, భూమి అదరడమూ ఉంది, భయంతో గుండె అదరడమూ ఉంది. ‘అదరగొట్టు’ అంటే బెదిరించడం అని కూడా అది గుర్తుచేస్తుంది. కొత్త యంత్రాలు ఇంకా వస్తాయి, చేతికి తొడుక్కునేవి, ఒంటికి కట్టుకునేవి. ప్రతిదాన్నీ మిర్చి ఏరే చేతికి ఒకసారి ఇచ్చి చూడమని అడుగుదాం. అది ఆ చేతిని గుర్తుపడుతుందా? వద్దన్నప్పుడు ఆగుతుందా? ఈ రెండింటికీ జవాబు దొరికాకే, ఆ స్పర్శ ఎంత సహజంగా ఉందో మాట్లాడుకోవచ్చు.